పన్నుల వ్యవస్థ సంస్కరణము: భారతదేశ అనుభవము

పన్నుల వ్యవస్థను సంస్కరించుట యనగా రాజ్యమునకు ధనము చేరు మార్గములను, ఆ ధనమును చెల్లించు ప్రజల నడుమ భారము పంపిణీయగు తీరును, వసూలు చేయు అధికారుల హక్కులను ఏకకాలమున మార్చుట. పన్ను ఎట్లుండవలెనో చెప్పుట ఆర్థికశాస్త్రవేత్తలకు అంత కష్టమైన పని కాదు. పన్నుకు లోబడు వస్తువులు, ఆదాయములు విస్తారముగా నుండవలెననియు, రేట్లు మితముగా నుండవలెననియు, మినహాయింపులు స్వల్పముగా నుండవలెననియు, శాసనము చెల్లింపుదారునకు బోధపడునట్లుండవలెననియు భారతదేశమున నియమింపబడిన సంఘములు దాదాపు ఒకే మాటగా చెప్పుచు వచ్చినవి. అయినను స్వతంత్ర భారతమున మొదటి సమగ్ర పన్నుల విచారణ సంఘము జాన్ మత్తాయ్ అధ్యక్షతన 1953లో ఏర్పడిన నాటి నుండి, దేశమంతటికి ఉమ్మడిగా వర్తించు వస్తు సేవల పన్ను (జీఎస్టీ) 2017లో అమలునకు వచ్చు వరకు 64 సంవత్సరములు గడచినవి. ఇంతటి కాలవ్యయమునకు మూలము జ్ఞానలోపము కాదు. ఒక ప్రభుత్వము తన చేతిలోని పన్ను అధికారమును వదలుకొన్న పిదప, తగ్గిపోవు ఆదాయమునకు పూచీ ఎవరు పడుదురు, ఆ పూచీ కష్టకాలమున నిలుచునా యను ప్రశ్నకు నమ్మదగిన సమాధానము దొరకకపోవుటయే దానికి ముఖ్యకారణము. ఈ వ్యాసమున ఆ ప్రశ్నయే ప్రధానముగా పరిశీలింపబడుచున్నది.

పన్ను విషయమున నమ్మకమునకు గల విలువను మన దేశపు పూర్వపాలకులు ఎరుగకపోలేదు. తీరాంధ్రమందలి మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున వేయించిన అభయశాసనము ఇందుకు చక్కని తార్కాణము. తుపానునకు లోనై ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును మునుపటి రాజులు బలవంతముగా హరించెడివారనియు, తాను మాత్రము నిర్ణీతమైన కూపశుల్కమును తప్ప మరేమియు తీసికొననని ఆ రాజు అందు ప్రకటించెను. ఎంత తీసికొందురో ముందుగా చెప్పుటయు, చెప్పినదానికి కట్టుబడుటయు వర్తకమును పెంచునను ఈ ఎరుక తరువాతి కాలమున పలుమారులు మరువబడినది.

ఆధునిక వ్యవస్థకు పునాదులు బ్రిటిషు పాలనలో పడినవి. 1857 నాటి తిరుగుబాటును అణచుటకైన వ్యయముచే బొక్కసము క్షీణింపగా, జేమ్స్ విల్సన్ 1860లో ఆదాయపు పన్నును ప్రవేశపెట్టెను. 1865లో అది రద్దయి, పలు రూపములలో వచ్చుచు పోవుచు, 1886 నాటి చట్టముతో స్థిరపడినది. వ్యవసాయపు ఆదాయమును పన్ను నుండి తప్పించిన ఆ చట్టపు నియమము నేటికిని చెక్కుచెదరలేదు. భూమిశిస్తు రైతునే బాధించుచుండగా మరల ఆదాయపు పన్ను వేయుట అన్యాయమను నాటి వాదమునకు అర్థము కలదు. శిస్తు నామమాత్రమై పోయిన పిమ్మట సహితము మినహాయింపు మిగిలిపోయినది. 1950 నాటి రాజ్యాంగము వ్యవసాయపు ఆదాయముపై పన్నును రాష్ట్రముల జాబితాలో నుంచగా, తోటల పంటలు గల కొన్ని రాష్ట్రములు తప్ప తక్కినవి చాలవరకు దానిని స్పృశింపలేదు. కె. ఎన్. రాజ్ అధ్యక్షతన 1972లో నివేదిక సమర్పించిన సంఘము భూకమతములను బట్టి పన్ను విధింపవచ్చునని సూచించినను, దానిని అమలు పరుపగల రాజకీయబలము ఏ పక్షమునకును లేకపోయెను. పేదరైతునకు అవసరమైన రక్షణ చాటున సంపన్నులు తమ ఇతరాదాయమును సేద్యపు రాబడిగా చూపుట ఈనాటికిని సాగుచున్నది.

రాజ్యాంగము పన్ను అధికారములను కేంద్రమునకు, రాష్ట్రములకు విడదీసి పంచినది. ఆదాయపు పన్ను, కస్టమ్స్ సుంకము, తయారీపై ఎక్సైజ్ సుంకము కేంద్రమునకు దక్కినవి. అమ్మకపు పన్ను, మద్యముపై సుంకము, స్థానిక ప్రాంతములలోనికి వచ్చు సరకుపై ప్రవేశపు పన్ను రాష్ట్రములకు దక్కినవి. ఒకే వస్తువు కర్మాగారమున తయారైనప్పుడు కేంద్రమునకును, దుకాణమున అమ్ముడైనప్పుడు రాష్ట్రమునకును, పట్టణపు పొలిమేర దాటునప్పుడు ఆక్ట్రాయ్ పేరిట మున్సిపాలిటీకిని పన్ను చెల్లించునట్టి ఏర్పాటు దీనివలన కలిగెను. ఏ అధికారమును మరొకటితో కలగలుపరాదను స్పష్టత ఈ విభజనకు గుణము. సంస్కరణ తలపెట్టిన ప్రతిసారియు రాజ్యాంగ సవరణ అవసరమగుట దాని ఫలితము.

అమ్మకపు పన్ను చరిత్రతో తెలుగువారికి సన్నిహిత సంబంధము కలదు. చక్రవర్తుల రాజగోపాలాచారి ప్రధానిగా నున్న మద్రాసు ప్రభుత్వము, మద్యనిషేధము వలన పోయిన ఆదాయమును పూడ్చుకొనుటకై 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టమును చేసెను. సాధారణ వస్తువులన్నింటిపై ఇట్టి పన్ను దేశమున అదియే మొదటిది. కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివే గనుక, ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడినప్పుడు ఆ చట్టమే దానికి సంక్రమించెను. తెలంగాణమున 1950 నాటి హైదరాబాదు అమ్మకపు పన్ను చట్టము అమలులో నుండెను. రెండు ప్రాంతములు కలసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి సంవత్సరము, 1957లో, ఈ రెంటికి బదులుగా ఒకే చట్టము వచ్చినది. రాష్ట్రములు తమ సొంత ఆదాయములో అత్యధిక భాగమునకు ఈ పన్నుపైననే ఆధారపడజొచ్చినవి. సంస్కరణ మాట వినబడినంతనే ఆర్థికమంత్రులు జంకుటకు హేతువిదియే.

మద్రాసు పద్ధతి బహుళస్థానపు పన్ను. అనగా సరకు చేతులు మారిన ప్రతిసారియు మొత్తము విలువపై పన్ను పడును. రేటు స్వల్పమే యైనను, ముడిసరకుపై చెల్లించిన పన్ను దాని ధరలో కలసి, ఆ ధరపై మరల పన్ను పడుటచే, భారము అంచెలంచెలుగా పెరుగును. ఒక నూలు మిల్లు నూరు రూపాయల పత్తి కొని పది రూపాయల పన్ను చెల్లించినదనుకొందము. ఆ నూలుతో నేసిన బట్ట రెండువందలకు అమ్ముడైనప్పుడు, పాతపద్ధతిలో పది శాతపు లెక్కన మరల ఇరువది రూపాయలు చెల్లింపవలసివచ్చును, మొత్తము ముప్పది. విలువ ఆధారిత పన్నులో ముందు కట్టిన పది రూపాయలు మినహాయింపబడి, రెండవ దశలో పదియే చెల్లింపబడును, మొత్తము ఇరువది. ప్రతి వ్యాపారియు తాను చేర్చిన విలువకే పన్ను కట్టుట ఈ పద్ధతిలోని సారము. అంతకన్న ముఖ్యమైన మరొక గుణము కలదు. కొనువాడు తన మినహాయింపు కొరకు బిల్లు అడుగును గనుక, అమ్మువాడు అమ్మకమును దాచుట కష్టమగును. బజారులో జీరో దందా యని పిలువబడు బిల్లు లేని వ్యాపారమును అధికారుల తనిఖీ కన్న వర్తకుల పరస్పర స్వార్థమే అరికట్టగలదను ఆశ ఈ పన్నుకు ఊపిరి. కాని చివరకు కొనెడి గృహస్థునకు మినహాయింపుతో పని లేదు. గొలుసు ఆ కొసన తెగిపోవుచునే యున్నది.

రాష్ట్రముల మధ్య సాగు వ్యాపారము మొదటినుండియు వివాదములకు నిలయము. ఒక రాష్ట్రమున తయారై మరొక రాష్ట్రమున వినియోగింపబడు సరకుపై రెండును పన్ను కోరుచుండగా, 1955లో బెంగాల్ ఇమ్యూనిటీ కంపెనీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు రాష్ట్రముల హక్కును నియంత్రించెను. మత్తాయ్ సంఘపు సూచన ననుసరించి 1956లో ఆరవ రాజ్యాంగ సవరణయు, కేంద్ర అమ్మకపు పన్ను చట్టమును వచ్చినవి. సరకు బయలుదేరిన రాష్ట్రము 1 శాతము పన్ను వసూలు చేసి తానే ఉంచుకొనుట ఆ చట్టపు ఏర్పాటు. 1975 నాటికి ఆ రేటు 4 శాతమునకు పెరిగెను. కర్మాగారములు గల రాష్ట్రములు, వినియోగించు పేదరాష్ట్రముల ప్రజల నుండి పన్ను రాబట్టుకొనుటకు ఇది దారి యయ్యెను. సంస్కర్తలు దీనిని తొలగింపవలెనన్నప్పుడెల్ల గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు వంటి రాష్ట్రములు నష్టమును ఎత్తిచూపుటలో ఆశ్చర్యము లేదు. న్యాయస్థానముల తీర్పులు వేరొక వైపు నుండి ఇరుకుపరచినవి. భవననిర్మాణపు కాంట్రాక్టులో వాడిన సామగ్రిపై మద్రాసు రాష్ట్రము విధించిన పన్ను చెల్లదని 1958లో గానన్ డంకర్లీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పగా, ఆ లోటును పూడ్చుటకు 1982లో 46వ సవరణ చేయవలసివచ్చెను.

ప్రత్యక్ష పన్నుల చరిత్ర వేరొక పాఠమును చెప్పుచున్నది. భారత ప్రభుత్వపు ఆహ్వానముపై వచ్చిన కేంబ్రిడ్జి ఆర్థికశాస్త్రవేత్త నికొలాస్ కాల్డర్ 1956లో సమర్పించిన నివేదిక ననుసరించి, 1957లో సంపద పన్ను, వ్యయపు పన్ను, 1958లో బహుమతి పన్ను వచ్చినవి. ఎస్టేటు సుంకము 1953 నుండియే కలదు. కాల్డర్ ఊహించినది ఒకదానికొకటి తోడై, ఆదాయమును ఒకచోట దాచినవాడు మరొకచోట పట్టుబడునట్టి సమగ్రమైన అల్లిక. ఆదాయపు పన్ను అత్యున్నత రేటును 45 శాతమునకు మించనీయరాదని ఆయన చెప్పిన మాటను విడిచి, క్రొత్త పన్నులను మాత్రము గ్రహించుటచే ఆ అల్లిక ఆదిలోనే చెడినది. వ్యయపు పన్ను 1962లో రద్దయి, 1964లో మరల వచ్చి, 1966లో తుదిగా పోయినది. ఎస్టేటు సుంకము 1985లోను, బహుమతి పన్ను 1998లోను, సంపద పన్ను 2015లోను అంతరించినవి. ఇంతలో ఆదాయపు పన్ను అత్యున్నత రేటు సర్‌చార్జితో కలసి 1973-74లో 97.75 శాతమునకు చేరెను. నూరు రూపాయల అదనపు ఆదాయములో రెండుంపావు రూపాయలు మాత్రమే మిగులునట్టి పన్ను, ఎగవేతను ప్రోత్సహించుటలో వింత లేదు. విశ్రాంత ప్రధాన న్యాయమూర్తి కె. ఎన్. వాంఛూ అధ్యక్షతన గల సంఘము 1971లోనే ఈ సంగతిని హెచ్చరించియుండెను. ఆ పిదప రేట్లు క్రమముగా తగ్గి, 1997లో పి. చిదంబరము బడ్జెటున 10, 20, 30 శాతములుగా స్థిరపడినవి. నల్లధనమునకు జన్మస్థానము ప్రజల దుర్బుద్ధి మాత్రమే యనుకొనుట పొరపాటు; శాసనపు అసాధ్యమైన ఆశ కూడ దానిని పెంచినదే.

పన్ను చట్టము స్థిరముగా నుండునను విశ్వాసము ఎంత సులువుగా చెదరునో చూపుటకు 2012 నాటి ఉదంతము చాలును. హచిసన్ సంస్థ యొక్క భారతీయ టెలిఫోను వ్యాపారమును వొడాఫోన్ విదేశమున కొనిన వ్యవహారముపై ఇచ్చట పన్ను లేదని సుప్రీంకోర్టు జనవరిలో తీర్పు చెప్పగా, ప్రభుత్వము అదే సంవత్సరము గతకాలమునకు వర్తించునట్లుగా చట్టమును మార్చెను. తొమ్మిది సంవత్సరముల వివాదముల పిమ్మట 2021లో ఆ మార్పు ఉపసంహరింపబడెను. గడచిన దినముల వ్యవహారమునకు నేడు పన్ను వేయుట శాసనసభల అధికారమునకు లోబడినదే కావచ్చును, గాని అట్టి అధికారమును వినియోగింపకుండుటలోనే దేశపు ప్రతిష్ఠ యున్నది.

పరోక్ష పన్నులకు తిరిగివత్తము. లక్ష్మీకాంత్ ఝా అధ్యక్షతన 1976లో నియమింపబడిన సంఘము తయారీదశలో విలువ ఆధారిత పన్నును సూచించెను. విశ్వనాథ్ ప్రతాప్ సింగ్ ఆర్థికమంత్రిగా 1986లో మాడ్వాట్ పేరిట దానిని కొన్ని వస్తువులకు ప్రవేశపెట్టెను. 1991 నాటి సంక్షోభానంతరము రాజా చెల్లయ్య సంఘము సమగ్రమైన మార్గమును చూపెను. సేవలు పన్నుకు వెలుపలనే యుండిపోవుటను గమనించి, మన్మోహన్ సింగ్ 1994లో టెలిఫోను, సాధారణ బీమా, షేరు దళారుల సేవలపై 5 శాతపు పన్నుతో నాంది పలికెను. కేంద్రము తన పరిధిలో చేయదగినది ఇట్లు చేయుచుండగా, రాష్ట్రములు పరిశ్రమల నాకర్షించుటకై పోటీపడి అమ్మకపు పన్నును తగ్గించుకొనుచు, రాయితీల నిచ్చుచు, తమ ఖజానాలను తామే కొల్లబుచ్చుకొనుచుండెను. 1999 నవంబరున ముఖ్యమంత్రుల సమావేశము ఈ రేట్ల యుద్ధమును ఆపి, కనీస రేట్లను పాటింప నంగీకరించినది. తరువాత ఏర్పడిన రాష్ట్ర ఆర్థికమంత్రుల సాధికార సంఘమునకు పశ్చిమ బెంగాలు వామపక్ష ప్రభుత్వపు మంత్రి అసీమ్ దాస్‌గుప్తా అధ్యక్షుడగుట గమనింపదగినది. కేంద్రమున ఏ పక్షమున్నను, ఒక ప్రతిపక్ష రాష్ట్రపు మంత్రిని అందరును పెద్దగా అంగీకరించుట ఈ కార్యమునకు ఊత మిచ్చినది.

రాష్ట్రస్థాయి విలువ ఆధారిత పన్ను (వ్యాట్) 2003 ఏప్రిల్‌లో రావలసియుండగా, ఒక్క హర్యానా మాత్రమే ముందడుగు వేసెను. 2005 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రములు దానిని స్వీకరించినవి. తమిళనాడు 2007లోను, ఉత్తరప్రదేశ్ 2008లోను చేరినవి. ఆంధ్రప్రదేశ్‌లో నాడు ఆర్థికమంత్రి కొణిజేటి రోశయ్య. దేశమున పలుచోట్ల వర్తకులు దుకాణములు మూసి నిరసన తెలిపిరి. మొదటి సంవత్సరపు నష్టమును పూర్తిగను, రెండవ సంవత్సరము 75 శాతమును, మూడవ సంవత్సరము 50 శాతమును భరింతునని కేంద్రము మాట యిచ్చుటతో రాష్ట్రములు ధైర్యము తెచ్చుకొన్నవి. ఆదాయము చాలచోట్ల పెరిగెను గనుక ఆ పూచీ పెద్ద భారము కాలేదు. పూచీ యుండుటయే పని జరుగుటకు చాలినది.

చిదంబరము 2006 ఫిబ్రవరిలో వస్తు సేవల పన్నును ప్రకటించి, 2010 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టెను. ఆ గడువు దాటిన పిదప ఏడేండ్లు పట్టినది. ఈ ఆలస్యములో అత్యంత బాధాకరమైన ఘట్టము కేంద్ర అమ్మకపు పన్ను పరిహారమునకు సంబంధించినది. జీఎస్టీకి దారి చేయుటకై ఆ పన్ను రేటును 2007లో 3 శాతమునకు, 2008లో 2 శాతమునకు తగ్గించిరి. తగ్గిన ఆదాయమునకు పరిహార మిత్తుమన్న కేంద్రము కొంతకాలమునకే చేయి బిగించెను. బకాయిలు పేరుకొనిపోగా, చిన్న వాగ్దానమును నిలుపుకొననివారు పెద్ద వాగ్దానమును ఎట్లు నిలుపుకొందురని రాష్ట్రములు ప్రశ్నించినవి. 115వ సవరణ బిల్లు 2011లో లోక్‌సభ ముందునకు వచ్చి, 2014లో సభ రద్దుతో మురిగిపోయెను. ఆ బకాయిల చెల్లింపు మొదలైన తరువాతనే క్రొత్త బిల్లుపై చర్చలు ముందునకు సాగినవనుట అతిశయోక్తి కాదు.

ఆ సంధికాలముననే తెలుగుసీమ ఒక విచిత్రమైన అనుభవమునకు లోనయ్యెను. 2014 జూన్ 2న రాష్ట్రము విడిపోవుటతో, అంతకు ముందుదినము వరకు ఇంటిలోని వ్యాపారముగా నున్న హైదరాబాదు, విజయవాడల నడుమ సరకు రాకపోకలు అంతర్రాష్ట్ర వ్యాపారమై, కేంద్ర అమ్మకపు పన్నుకు లోబడినవి. జాతీయ రహదారిపై క్రొత్త సరిహద్దున లారీలు చెక్‌పోస్టుల చెంత వేచియుండవలసివచ్చెను. పునర్విభజన చట్టపు నియమముల వలన పన్ను బకాయిలు వసూలు చేయు హక్కు ప్రదేశమును బట్టియు, తిరిగి చెల్లింపవలసిన పన్నుల భారము జనాభాను బట్టియు పంపకమైనవనియు, అనేక సంస్థల కేంద్ర కార్యాలయములు హైదరాబాదున నుండుటచే తాను రెండు విధముల నష్టపోయితిననియు ఆంధ్రప్రదేశ్ పలుమారులు మొరపెట్టుకొన్నది. ఒక సరిహద్దు గీత ఉమ్మడి విపణిని ఎంత త్వరగా చీల్చునో, దేశమంతటి విపణిని ఒకటి చేయుట ఏల అవసరమో తెలుగువారికి వేరొకరు చెప్పనక్కరలేకపోయెను.

122వ సవరణ బిల్లు 2016 ఆగస్టు 3న రాజ్యసభ ఆమోదము పొంది, సగమునకు మించిన రాష్ట్రముల సమ్మతితో సెప్టెంబరున 101వ రాజ్యాంగ సవరణగా రూపొందెను. దానిలోని అపూర్వమైన సృష్టి జీఎస్టీ కౌన్సిలు. కేంద్ర ఆర్థికమంత్రి అధ్యక్షతన రాష్ట్రముల మంత్రులు కూర్చుండు ఈ సభలో ఓట్ల విలువలో మూడవ వంతు కేంద్రమునకు, మూడింట రెండు వంతులు రాష్ట్రములన్నింటికి కలిపి చెందును. నిర్ణయమునకు నాలుగింట మూడు వంతుల బలము కావలెను. కేంద్రము కాదన్నచో ఏదియు జరుగదు. రాష్ట్రములలో అధికభాగము ఒప్పుకొననిచో కేంద్రమును ఏమియు చేయజాలదు. 2019 డిసెంబరున లాటరీల రేటు విషయమున మొదటిసారి ఓటు వేయువరకు నిర్ణయములన్నియు ఏకాభిప్రాయముతోనే జరిగినవి. ఎన్నో విమర్శలకు గురియైన ఈ సంస్థను నేను భారత సమాఖ్య వ్యవస్థ సాధించిన గొప్ప విజయములలో ఒకటిగా భావింతును. కౌన్సిలు సిఫారసులు పార్లమెంటును, శాసనసభలను బంధింపజాలవని 2022లో మోహిత్ మినరల్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పిన మాట దాని గౌరవమును తగ్గింపలేదు. ఒప్పించుటపై ఆధారపడిన సంస్థ యని గుర్తుచేసినది.

2017 జూన్ 30 అర్ధరాత్రి పార్లమెంటు సెంట్రల్ హాలులో జరిగిన ఉత్సవముతో క్రొత్త పన్ను అమలునకు వచ్చెను. ఎక్సైజ్, సేవాపన్ను, వ్యాట్, కేంద్ర అమ్మకపు పన్ను, ప్రవేశపు పన్ను మొదలగునవి అందు లీనమైనవి. సరిహద్దుల చెక్‌పోస్టులు కొద్దిదినములలోనే మూతపడినవి. కాని 5, 12, 18, 28 శాతములనెడి నాలుగు రేట్లు, వాటికి తోడు బంగారమునకు 3 శాతము, విలాసవస్తువులపై పరిహారపు సెస్సు ఏర్పడుటచే, సులభతరమైన పన్ను అను ఆశయము ఆదిలోనే కుంటుపడెను. ఏ రాష్ట్రమును నొప్పింపక ఒప్పించుటకు చెల్లించిన మూల్యమిది. రేట్ల బహుత్వము నుండి వర్గీకరణ వివాదములు పుట్టినవి. రొట్టెకు 5 శాతమైనచో పరాఠాకు 18 శాతమా యని న్యాయనిర్ణేతలు తర్కింపవలసివచ్చెను. కృత్రిమ దారమునకు ఎక్కువ, దానితో నేసిన గుడ్డకు తక్కువ రేటు ఉండుటచే నేతపరిశ్రమలో మూలధనము, ముడిసరకుపై కట్టిన పన్నుకు రావలసిన మినహాయింపుగా, అనగా ఇన్‌పుట్ క్రెడిట్ రూపమున నిలిచిపోయినది. దానిని సరిచేయుటకు గుడ్డపై పన్నును 12 శాతమునకు పెంచదలచిన నిర్ణయము, తెలంగాణము మొదలగు రాష్ట్రముల అభ్యంతరముతో, 2021 డిసెంబరు 31న, అనగా అమలునకు ఒక దినము ముందు, వాయిదా పడెను. నిజామాబాదు, కరీంనగరం ప్రాంతములలో వేలాది స్త్రీలకు జీవనాధారమైన బీడీలు విలాసవస్తువులతో సమముగా 28 శాతపు శ్లాబులో చేరుట ఈ వర్గీకరణలోని కఠినతకు మరొక నిదర్శనము. ఆరోగ్యము కొరకు పొగాకుపై పన్ను హెచ్చుగా నుండవలెననుట సత్యము. ఆ పన్ను తగ్గించు గిరాకీతోనే ఇంటనుండి బీడీలు చుట్టు కార్మికురాలి కూలి ముడిపడియుండుటయు సత్యము. మినహాయింపులు సైతము చూచినంత సరళములు కావు. 2018లో శానిటరీ న్యాప్‌కిన్లపై పన్నును పూర్తిగా తీసివేయగా, తయారీదారు ముడిసరకుపై కట్టిన పన్నును తిరిగి పొందు హక్కును కోల్పోయెను.

భారమెక్కువగా పడినది చిన్న వర్తకునిపై. తొలిరూపమున ప్రతి నెల అమ్మకముల వివరము 10వ తేదీకి, కొనుగోళ్ల వివరము 15వ తేదీకి, రెంటిని సరిచూచిన మొత్తపు రిటర్ను 20వ తేదీకి దాఖలు చేయవలెను. దేశమందలి ప్రతి బిల్లును దాని ప్రతిరూపముతో కంప్యూటరున జోడింపవలెనను ఆ సంకల్పము గొప్పదేగాని, దానిని మోయుటకు యంత్రాంగము గాని, కిరాణా కొట్టులోని యజమాని గాని సిద్ధముగా లేరు. గడువు సమీపించిన దినములలో వెబ్‌సైటు మొరాయింపగా ఆడిటర్ల కార్యాలయములు రాత్రింబవళ్లు తెరచియుండెను. 2017 నవంబరున గౌహతి సమావేశము రెండు ఫారములను నిలిపివేసి, 3బి యను సంక్షిప్త రిటర్నుతో సరిపెట్టెను. అదే సమావేశమున 178 రకముల వస్తువులు 28 నుండి 18 శాతమునకు దిగినవి. సరిచూచుట ఆగిపోవుటతో, సరకు లేకుండ బిల్లులు మాత్రమే సృష్టించి క్రెడిట్ కాజేయు దొంగవ్యాపారము పెరిగెను. 2018 ఏప్రిల్ నుండి సరకు రవాణాకు వలసిన ఈ-వే బిల్లు, 2020 అక్టోబరు నుండి 500 కోట్లకు మించిన టర్నోవరు గల సంస్థలతో మొదలైన ఈ-ఇన్‌వాయిసు క్రమముగా దానికి కళ్లెము వేసినవి. వస్తువుల వర్తకులకు రిజిస్ట్రేషను పరిమితిని 2019లో 20 లక్షల నుండి 40 లక్షలకు పెంచుకొను స్వేచ్ఛను రాష్ట్రములకిచ్చినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పెంచుకొనగా తెలంగాణము పాతదానినే ఉంచుకొనెను. చిన్న దుకాణదారుని విడిచిపెట్టుటయా, గొలుసులో ఇముడ్చుటయా యను ప్రశ్నకు రెండు పొరుగు రాష్ట్రములే వేర్వేరు సమాధానము లిచ్చుకొన్నవి.

సంస్కరణకు అసలైన పరీక్ష 2020లో వచ్చెను. 2015-16 ఆదాయమును ఆధారముగా గొని, ఏటేట 14 శాతము పెరుగుదలకు తగ్గిన మొత్తమును అయిదేండ్లపాటు పూరింతునని కేంద్రము చట్టమూలముగా మాట యిచ్చియుండెను. రాష్ట్రములు తమ అత్యంత విలువైన అధికారమును వదలుకొనుటకు ఒప్పుకొన్నది ఈ మాటను నమ్మియే. కరోనా వలన వ్యాపారములు స్తంభించి, పరిహారనిధి ఖాళీయైనప్పుడు, దైవికమైన విపత్తునకు తాము పూచీ కాదన్న ధ్వని 2020 ఆగస్టు నాటి సమావేశమున కేంద్రము నుండి వినవచ్చినది. రాష్ట్రములే అప్పు చేయవలెనను సూచనపై తీవ్రమైన వాగ్వాదము జరిగినది. తుదకు అక్టోబరున కేంద్రమే తన పేర అప్పుతెచ్చి రాష్ట్రములకు అందింప నంగీకరించెను: 2020-21లో 1.1 లక్షల కోట్లు, మరుసటి సంవత్సరము 1.59 లక్షల కోట్లు. ఆ ఋణమును తీర్చుటకే, 2022 జూన్‌తో ముగియవలసిన సెస్సు పొడిగింపబడెను. తుది పరిష్కారము న్యాయమైనదే. దానికి ముందు గడచిన వారములు మాత్రము రాష్ట్రముల మనస్సులలో ఒక గాయమును మిగిల్చినవి. పెట్రోలు, డీజిలు వంటి అయిదు ఇంధనములను జీఎస్టీలోనికి తెచ్చుటకు నేడు ఏ రాష్ట్రమును చొరవ చూపకపోవుటలో ఆ అనుభవపు పాత్ర లేదనలేము. మానవ వినియోగపు మద్యము రాజ్యాంగపరముగనే వెలుపల నిలిచినది. రెండు తెలుగు రాష్ట్రముల బడ్జెట్లకును ఈ రెండు వనరులు పట్టుగొమ్మలు.

కేంద్రము తన వంతుగా సెస్సులపైన, సర్‌చార్జీలపైన ఎక్కువగా ఆధారపడుటయు ఇట్టి అవిశ్వాసమును పెంచునదే. ఆర్థిక సంఘము పంచి యిచ్చు రాశిలో ఇవి చేరవు. పదునైదవ ఆర్థిక సంఘము రాష్ట్రములకు 41 శాతము వాటా నిర్ణయించినను, పంచవలసిన రాశియే కుంచించుకొనిపోయినచో ఆ వాటా విలువ తరుగును.

ఇటీవలి మార్పులలో రెండు ముఖ్యమైనవి. 2025 సెప్టెంబరు 3 నాటి 56వ సమావేశమున కౌన్సిలు 12, 28 శాతపు శ్లాబులను తొలగించి, 5, 18 శాతములను ప్రధాన రేట్లుగను, హానికర, విలాసవస్తువులకు 40 శాతమును నిర్ణయించెను. సెప్టెంబరు 22 నుండి అధికభాగము అమలునకు వచ్చినది. రొట్టె, పరాఠాలు రెండును పన్ను లేనివైనవి. కృత్రిమ దారము గుడ్డతో సమముగా 5 శాతమునకు దిగినది. బీడీలకు 18 శాతము, తునికాకునకు 5 శాతము నిర్ణయమైనవి. ఎనిమిదేండ్లు వాయిదా పడిన పని ఒక్క సమావేశమున జరుగుటకు, ఆదాయము స్థిరపడుటయు, ఎగవేత మార్గములు కొంత మూతపడుటయు తోడ్పడినవి. రెండవది, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025లో ఆమోదము పొంది, 2026 ఏప్రిల్ 1ని అమలు తేదీగా నిర్ణయించుకొన్న క్రొత్త చట్టము. 819 విభాగముల స్థానమున 536 విభాగములు వచ్చినవి. భాష సులువైనది, పన్ను విధానము మాత్రము మునుపటిదే.

ఈ మార్పులన్నింటిలో విస్మరింపబడినది మూడవ అంచె ప్రభుత్వము. 101వ సవరణ ప్రవేశపు పన్ను అధికారమునే రాష్ట్ర జాబితా నుండి తొలగించెను. ఆక్ట్రాయ్‌పై బ్రతికిన ముంబయి నగరపాలక సంస్థకు మహారాష్ట్ర ప్రభుత్వము ప్రత్యేక చట్టమూలమున పరిహారము ఏర్పరచినది గాని, ఇతర రాష్ట్రముల పట్టణములకు అట్టి హామీ సహజముగా సంక్రమింపలేదు. వినోదపు పన్నును స్థానికసంస్థలు మాత్రమే విధింపవచ్చునని సవరణలో మిగిల్చిన చిన్న అవకాశము, రాష్ట్రశాసనము తోడైననే పనికివచ్చును. 73, 74వ సవరణలు పంచాయతీలకు, మున్సిపాలిటీలకు రాజ్యాంగప్రతిపత్తి కల్పించినను, జీఎస్టీ కౌన్సిలులో వాటి ప్రతినిధికి స్థానము లేదు. వసూలైన పన్నులో వాటికి నేరుగా చెందు వాటా కూడ లేదు. త్రాగునీరు, వీధిదీపములు, మురుగుకాలువల బాధ్యత ఏ సంస్థపై ఉన్నదో, ఆ సంస్థ ఆస్తిపన్నుపైనను, ఆర్థిక సంఘముల గ్రాంటులపైనను, రాష్ట్రప్రభుత్వపు దయపైనను ఆధారపడి కాలము గడపుచున్నది. రాష్ట్రములు కేంద్రము నుండి కోరిన పూచీనే పట్టణములు, పల్లెలు రాష్ట్రముల నుండి కోరవలసియున్నది. ఆ చర్చ ఇంకను మొదలుకాలేదు.